స్తంభానికి నిలబెట్టిన మనిషి

షిగె అక్క బడి గడప దగ్గరికి రావడం అదే మొదటిసారి. ఆమె మా బావగారి భార్య. బావగారు గెన్‌జో ఈ లోయలోని ఇనుప కొలిమికి పెద్ద. పిల్లలు ఎక్కాలు అప్పజెబుతున్నారు. ఆమె తలుపు బయటే ఆగి, గడ్డి చెప్పులకు అంటిన మంచును గుమ్మానికేసి కొట్టి దులుపుకుంది. రెండు చెప్పులూ శుభ్రమయ్యేదాకా దులుపుకుంది.

"నుయీ, పిల్లల్ని పంపించెయ్."

"ఇంకా పొద్దుందిగా అక్కా."

"పంపించెయ్. మసుకిచి పోయాడు."

మసుకిచి నా భర్త. కొలిమిలో తిత్తి తొక్కేవాడు. కొలిమి అడుగున ఎక్కడో చెమ్మ చేరిందట. అది ఆవిరై పక్కగోడను పగలగొట్టింది. పగిలిన గోడ ముక్క అతని రొమ్ముకు తగిలింది. షిగె అక్క ఇదంతా కూర సంగతి చెప్పినట్టు చెప్పి, చివర్న "పెద్దగా బాధపడలేదులే, ఒక్కసారి అరిచాడంతే" అంది.

నేను పలకలు సర్దించాను. పిల్లలు వరసగా వంగి నమస్కారం చేసి వెళ్లారు. ఇంటికి వెళ్లి గిన్నె, తెల్ల గుడ్డ, అతని ఉతికిన బట్టలు మూటగట్టాను. పోయినవాడి పెదాలు తడిపి ముఖం తుడవడం భార్య పని. మా ఊళ్లోనూ అంతే, ఇక్కడా అంతే అనుకున్నాను.

"ఎక్కడికి?" అంది షిగె అక్క.

"తీసుకొస్తున్నారు కదా, ఎదురెళ్దామని."

ఆమె నా చేతిలో మూట వైపు చూసి తల తిప్పుకుంది. "ఇప్పుడే తేరు" అంది.

నాకప్పుడు అర్థమైంది. ఆ చలికాలం రెండుసార్లు కొలిమి వెలిగించారు. రెండుసార్లూ ఇనుము పుట్టలేదు, పనికిరాని మడ్డి, చిట్టెమే గడ్డకట్టింది. ఇప్పుడు వెలిగించిన మూడోసారి కూడా ఇలాగే అయితే కొలిమి మూసేస్తానని యజమాని కబురు పంపాడు. విదేశాల నుంచి ఓడల్లో ఇనుము చవగ్గా వస్తోందట. కొలిమి మూస్తే ఈ లోయలో ఇక మనిషి బతకడు. ఇక్కడ పొలం లేదు. ఉన్నదల్లా కొండ, బొగ్గు, ఇనుప ఇసుక.

బయటి ఊళ్లలో చావు మైల. గుడి పూజారి శవం వచ్చే దారిని తప్పించుకు తిరుగుతాడు. మా కొలిమి అమ్మవారు కనయాగోకి ఆ పట్టింపు లేదు. ఆమెకు గిట్టనివి వేరు: ఆడది, కుక్క, జనపనార. శవమంటే ఆమెకు ఇష్టం. మొట్టమొదటి కొలిమి పెద్ద చచ్చిపోయినప్పుడు ఇనుము పుట్టడం మానేసిందట. అమ్మవారిని అడిగితే, అతని శవాన్ని స్తంభానికి కట్టి పని సాగించండి అందట. కట్టారు. ఇనుము పుట్టింది. పెళ్లయిన కొత్తలో మసుకిచి ఈ కథ నాకు నవ్వుతూ చెప్పాడు. కథలే కదా అనుకుని నేనూ నవ్వాను.

కొలిమిశాల గుమ్మానికి అడ్డంగా గడ్డితో పేనిన లావుపాటి తాడు వేలాడుతుంది. ఆడది దాన్ని దాటకూడదు. నేను తాడు ఇవతల ఆగి పిలిచాను. గెన్‌జో బావగారు చెమటతో, మసితో బయటికొచ్చాడు. కొన్నేళ్లపాటు కొలిమి రంధ్రంలోంచి మంట రంగు చూసీ చూసీ ఆయన కుడికన్ను పోయింది. మిగిలిన కన్ను ఎర్రగా ఉంది. ఏడ్చాడో, మంట వల్లో నాకు తెలియలేదు.

"రావద్దని చెప్పమన్నానే షిగెతో."

"ముఖం తుడిచి వెళ్లిపోతాను బావగారూ. తాడు దగ్గరికి తీసుకురండి చాలు. నేను లోపలికి రాను."

"కట్టేశాం అమ్మాయ్. ఇప్పుడు విప్పకూడదు."

"మీ తమ్ముడు."

"నాకు తెలీదా? ఎత్తుకుని పెంచింది నేను." ఆయన గొంతు తగ్గించాడు. "గోడ పూడ్చి వాడిని నిలబెట్టాక చిట్టెం రంగు మారింది. పొద్దుటిదాకా బంకలా ఉన్నది, ఇప్పుడు నీళ్లలా జారుతోంది. వాడు పుట్టిస్తున్నాడు ఇనుము. బతికున్నప్పుడు పుట్టించలేనిది."

"ఈ బట్టలైనా వేయండి. ఒంటిమీదవి కాలిపోయి ఉంటాయి."

ఆయన మూట మీద గుడ్డను వేళ్లతో రాసి చూశాడు. "జనపనారతో నేసింది. పనికిరాదు." మూట తిరిగి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

తలుపు తెరుచుకుని మూసుకునే ఆ కాస్త వ్యవధిలో ఉత్తరం వైపు స్తంభం మొదలు కనిపించింది. దాని దగ్గర రెండు పాదాలు. ఒకదానికి చెప్పు ఉంది. ఒకదానికి లేదు.

ఒకసారి కొలిమి వెలిగిస్తే మూడు పగళ్లు, మూడు రాత్రులు ఆపకుండా మండాలి. ఆ మూడు పగళ్లూ నేను కొలిమిశాల ఎదుట బొగ్గుల పాక చూరు కింద కూర్చున్నాను. ఊళ్లో ఆడవాళ్లందరూ నాతోపాటు కూర్చున్నారు. వంతులు వేసుకుని వచ్చారు. కుంపటి తెచ్చారు, వేడి గంజి తెచ్చారు, ఉప్పులో ఊరేసిన రేగుపండు నా నోట్లో పెట్టారు. ఇంత ప్రేమ వాళ్లు నా మీద ఏనాడూ చూపలేదు. ఒక చెయ్యి షిగె అక్క పట్టుకుంది, ఇంకో చెయ్యి హత్సు ముసలమ్మ పట్టుకుంది. ఓదార్పు కోసం పట్టుకున్నారనుకున్నాను. గంజి తాగడానికి చెయ్యి లాక్కోబోతే వదల్లేదు.

"మేం తాగిస్తాంలే" అంది హత్సు ముసలమ్మ.

"నేనెక్కడికీ పోను."

"పోవని మాకూ తెలుసు. అయినా పంతులమ్మ కాళ్లు చిన్నవైనా చురుకైనవి. ఒక్క దూకు చాలు కదా తాడు దాటడానికి." అందరూ నవ్వారు. "నా మొగుడు పోయినప్పుడు వానాకాలం, కొలిమి వెలగదు. ఎవరికీ అక్కర్లేకపోయాడు. నీవాడు అదృష్టవంతుడు, పనికొస్తున్నాడు."

"ఊరుకో అత్తా" అంది షిగె అక్క. నా మణికట్టు మాత్రం వదల్లేదు. ఆమె పట్టు దగ్గర నా చర్మం కమిలింది.

లోపలి నుంచి మగవాళ్ల మాటలు వినిపించేవి. తిత్తులు పైకీ కిందికీ ఆడుతున్న చప్పుడు మధ్య తొరాజో గొంతు గుర్తుపట్టాను. బొగ్గు కొలిచే మనిషి అతను. మసుకిచికి స్నేహితుడు.

"ఒరేయ్ మసుకిచీ, రోజంతా నిలబడ్డా కాలు నొప్పి పుట్టట్లేదురా నీకు? తిత్తి మీద మాత్రం గంటకోసారి కూర్చునేవాడివి!"

నవ్వులు.

"సారా పొయ్యండిరా వాడికి. నోరు తెరిచే ఉందిగా."

మళ్లీ నవ్వులు. వాళ్లు క్రూరులని నేననుకోలేదు. పోయినవాడితో బతికున్నట్టే మాట్లాడాలి, లేకపోతే అమ్మవారు వాడిని మరిచిపోతుంది. అది పద్ధతి. నేను పద్ధతి ప్రకారమే విన్నాను. అతని నోరు తెరిచి ఉందన్న సంగతి నాకు తెలిసింది అలాగే.

నాలుగో రోజు పొద్దున్న కొలిమి గోడలు కూల్చారు. గొలుసులు కట్టి ముద్దను బయటికి లాగారు. ఇంకా ఎర్రగా ఉన్న ముద్ద మంచు మీద జారుతుంటే నేల బుసలు కొట్టింది. అంచుల్లో ఉక్కు వెండిలా మెరిసింది. అంత మంచి ఉక్కు తమ తరంలో చూడలేదని ముసలివాళ్లు అన్నారు. మగవాళ్లు ఏడ్చారు. ఆడవాళ్లు నా చేతులు వదిలేసి పరిగెత్తారు. అప్పటికి నా వేళ్లు మొద్దుబారి మూట పట్టుకోలేకపోయాను.

ఇక ఇస్తారని కూర్చున్నాను.

గెన్‌జో బావగారు స్నానం చేసి, ఉతికిన బట్టలు వేసుకుని నా ముందుకొచ్చి మంచులో మోకాళ్ల మీద వంగాడు. కొలిమి పెద్ద నా ముందు వంగేసరికి నాకు భయమేసింది.

"నీకు మేమంతా రుణపడ్డాం అమ్మాయ్."

"ఇవ్వండి బావగారూ. మంచు మీద లాగే బండి తెచ్చుకుంటాను."

"వచ్చే నెల మళ్లీ వెలిగిస్తున్నాం. యజమాని ఒప్పుకున్నాడు."

"మంచిది."

"వాడు ఉంటేనే ఒప్పుకున్నాడు." ఆయన నా వైపు చూడలేదు. "చలి బాగుంది. పాడవడు. మంచు కరిగేదాకా ఉండనీ. ఆ తర్వాత అమ్మవారి గుడి పక్కన వాడికి చిన్న గుడి కట్టిస్తాం. నీకు బతికినన్నాళ్లూ బియ్యం కొలిచి ఇస్తాం. ఏ పెళ్లానికైనా ఇంతకంటే ఏం కావాలి?"

"నాకు అతను కావాలి."

"నీకొక్కదానికే" అన్నాడు ఆయన, చిన్నపిల్లకు చెప్పినట్టు. "మాకందరికీ కావాలి."

మర్నాడు బడి తెరిచాను. ఇంట్లో కూర్చోలేక తెరిచాను. పిల్లలు లోపలికి రాకముందే కొలిమిశాల వైపు తిరిగి చేతులు జోడించి, రెండు చప్పట్లు కొట్టి, వంగి నమస్కరించారు. తల్లులు నేర్పారు. పాఠం మధ్యలో తొరాజో కూతురు ఒసెకి చెయ్యెత్తింది. శ్రద్ధగా చదివే పిల్ల.

"పంతులమ్మా, మీ ఆయన వల్లే మేం ఈ పూట అన్నం తిన్నామట. నాన్న చెప్పాడు. మీకు కృతజ్ఞతలు చెప్పమన్నాడు."

"మంచిది. కూర్చో" అన్నాను. బోర్డు మీద సగం రాసిన అక్షరం పూర్తి చేశాను.

ఆ నెలంతా అడుగుతూనే ఉన్నాను. కింది ఊరి బౌద్ధ పూజారి దగ్గరికి వెళ్లాను. కొలిమి సంగతుల్లో తాను తలదూర్చనన్నాడు. యజమాని గుమాస్తా దగ్గరికి వెళ్లాను. టీ ఇచ్చాడు, ఉక్కును తెగ పొగిడాడు. షిగె అక్క కాళ్లు పట్టుకున్నాను. ఆమె నన్ను లేపి, నా జుట్టు సవరించి, "తెల్లారితే నా పిల్లలు తినాలి నుయీ" అంది. కొలిమిశాలకు తాళం వేసి, కాపలా పెట్టారు. ఒకరోజు ఎండ కాసి చూరు మీద మంచు జారింది. ఆ రోజు మగవాళ్లు బుట్టలతో మంచు ఎత్తుకెళ్లి లోపల పోయడం చూశాను. చేపలకు పోసినట్టు పోశారు.

అప్పుడే నేను ఆలోచించాను. అడిగితే ఇవ్వరు. దొంగిలించలేను. వాళ్లంతట వాళ్లే అతన్ని బయటికి విసిరెయ్యాలి. అలా విసిరేసేది ఒకే ఒక్కదానికి.

మళ్లీ కొలిమి వెలిగించే ఉదయం మగవాళ్లంతా అమ్మవారి గుడి ముందు కట్సురా చెట్టు కింద గుమిగూడారు. ఆడవాళ్లు దూరంగా నిలబడ్డారు. గెన్‌జో బావగారు అమ్మవారికి సారా పోసి లేవబోతున్నాడు. నేను మధ్యలోకి నడిచాను.

"బావగారూ, ఒక మాట దాచాను."

"తర్వాత చెప్పు."

"తర్వాత చెబితే మీకే నష్టం. ఆయన పోయిన రోజు నేను ముట్టులో ఉన్నాను. వేరే పొయ్యి వెలిగించలేదు. నేను వండిందే తిని ఆయన కొలిమికి వచ్చాడు."

ముట్టు రోజుల్లో ఆడది తాకిన పొయ్యి మీద వండిన మెతుకు తిన్నవాడు కొలిమిశాల గడప తొక్కకూడదు. తొక్కితే కొలిమి చస్తుంది. ఇక్కడ పుట్టిన పసివాళ్లకు కూడా తెలుసు అది. నేను చెప్పింది అబద్ధం. ఆ ఉదయం అతనికి ఆలస్యమైంది. ఏమీ తినకుండా, నేను పిలుస్తున్నా వినకుండా పరిగెత్తాడు.

"అబద్ధం!" షిగె అక్క అరిచింది. "దీని రోజులు నాకు తెలుసు. ఇద్దరం ఒక్క వాగులోనే బట్టలు ఉతుకుతాం. ఇది అబద్ధం చెబుతోంది, వాడి కోసం చెబుతోంది!"

"నువ్వు చూడని గుడ్డలు కూడా ఉంటాయక్కా" అన్నాను.

తొరాజో ముందుకొచ్చాడు. అతని ముఖం పాలిపోయింది. "నేను వాడి నోట్లో సారా పోశాను. ఈ చేత్తోనే. వాడి భుజం పట్టుకున్నాను."

"ఇది అబద్ధమంటున్నా కదా!"

"నిజమైతే?" అన్నాడు తొరాజో. "నువ్వు తిత్తి తొక్కుతావా షిగె? వాడి పక్కన నిలబడతావా? నిజమైతే అమ్మవారు ఈసారి గోడ ఎవరి మీదికి విసురుతుందో నువ్వు చెబుతావా?"

మగవాళ్లు కొలిమిశాల గుమ్మం దగ్గర్నుంచి వెనక్కి జరిగారు. ఒక్కొక్కరే కాదు, అందరూ ఒక్కసారే. గెన్‌జో బావగారు నా ముఖంలోకి చూశాడు. ఆయనకు తెలుసు. తమ్ముడు ఆకలితో వచ్చాడని ఆయనకు తెలిసే ఉంటుంది, కొలిమి దగ్గర అన్నం పెట్టమని అడిగే ఉంటాడు. ఆయన ఆ ఒంటికన్నుతో చాలాసేపు చూశాడు. ఆ చూపులో కోపం నెమ్మదిగా పోయి, లెక్క వేసుకునే మనిషి ముఖం వచ్చింది.

"అందుకే" అన్నాడు. గొంతు పెంచి అందరికీ వినపడేలా అన్నాడు. "అందుకే ముందు రెండుసార్లు చచ్చింది కొలిమి. నా చేతి తప్పనుకుని నేను కుమిలిపోయాను. వీడు మొదటినుంచీ మైలతోనే వస్తున్నాడు. అమ్మవారు ఓపిక పట్టి పట్టి కొట్టింది."

"అవును, అవును" అన్నారు ఎవరో.

నేను ఒక్క రోజు గురించే చెప్పాను. ఆయన చలికాలమంతా అతని మీద వేశాడు. నోరు తెరిస్తే నా మాట నేనే చెరుపుకోవాలి. తెరవలేదు.

"మరి ఉక్కు?" అన్నాడొక ముసలాయన. "పోయిన నెల ఉక్కు సంగతేంటి? వీడు నిలబడి ఉండగానే కదా పుట్టింది."

గెన్‌జో బావగారు ఆలోచించలేదు. "నిప్పులో పుట్టినదానికి మైల లేదు. పంపించిన ఉక్కు పంపించిందే."

అందరికీ ఆ మాట నచ్చింది.

చేతులతో ముట్టుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. చిట్టెం లాగే పొడవాటి ఇనుప కొక్కేలు తెచ్చారు. గడ్డి తాళ్లు కత్తులు కట్టిన కర్రలతో దూరం నుంచే కోశారు. అతను స్తంభం దగ్గర్నుంచి నిలువునా పడ్డ చప్పుడు వినిపించింది, దుంగ పడ్డట్టు. కొక్కేలు బట్టకు తగిలించి లాగారు. బట్ట చిరిగింది. రెండోసారి బట్టకు తగిలించలేదు. తాడు కింద నుంచి నా కాళ్ల దగ్గరికి నెట్టారు.

కొలిమి వైపు ఉన్న సగం ముఖం ఎండిన పుట్టగొడుగులా గోధుమరంగులో ముడుచుకుంది. రెండో సగం తెల్లగా, మంచు పట్టి, నాకు తెలిసిన ముఖంలాగే ఉంది. నోరు నిజంగానే తెరిచి ఉంది.

మంచు బండి ఎవరూ ఇవ్వలేదు. మా ఇంటి చెక్క తలుపు ఒకటి ఊడదీసి దాని మీద పడుకోబెట్టాను. కట్టిన కాళ్లు చాపి ఉండిపోవడంతో తలుపు సరిపోలేదు. షిగె అక్క వాకిట్లో నిలబడి నేను తాళ్లు బిగించడం చూసింది. దగ్గరికి రాలేదు. "తిరిగి రాకు" అంది. "వస్తే నా చేత్తోనే తరమాల్సి వస్తుంది." ఆమె కళ్లలో నీళ్లున్నాయి. ఆమె అన్నది నిజం, తరిమేది.

దారి బడి ముందు నుంచే. పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు, నేను నేర్పిన వరసలోనే, పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. నన్ను సాగనంపడానికి వచ్చారనుకున్నాను. గుప్పిళ్లలో ఉప్పు ఉంది. నేను లాగుతున్న తలుపు తమను దాటుతున్నప్పుడు విసిరారు. మైల పోవడానికి చల్లే ఉప్పు. ఒసెకి అందరికంటే గట్టిగా విసిరింది. అది అతని తెరిచిన నోట్లో పడింది. నేను ఆగి, వేలితో తీసేశాను. పిల్లలు కెవ్వున అరిచి బడిలోకి పారిపోయారు.

లోయ మలుపు తిరిగేలోపే వెనక తిత్తుల చప్పుడు మొదలైంది.

కింది ఊరికి కబురు నాకంటే ముందే చేరింది. పూజారి గుడి తలుపు తియ్యలేదు. గోడ బయట అడవి మొదలయ్యే చోట పాతుకోమని లోపల్నుంచే చెప్పాడు. నేల రాయిలా ఉంది. ఇంటి నుంచి తెచ్చిన కూరల కత్తితో గీకుతున్నాను. కొండ మీద బొగ్గు కాల్చేవాడొకడు బొగ్గు బుట్టతో అటు వచ్చాడు. పరాయి కొండవాడు. కబురు వినలేదు. బుట్ట దించి, దానికి కట్టిన పార తీసుకుని నా పక్కన తవ్వడం మొదలుపెట్టాడు. మంచివాడు. నేనడక్కుండానే నేల మీద మంట వేసి మెత్తబరిచాడు. నేను అలసి నిలబడలేకపోతే పార నాకిచ్చి దాని మీద ఆనుకోమన్నాడు. తను చేతులతో రాళ్లు ఏరాడు.

"మీ ఆయనా?"

"ఆయనే."

"చలికి పోయాడా?"

"కొలిమిలో."

"పైనున్న కొలిమా? అయ్యో, మంచి ఉక్కు పుట్టిందట కదా. నా బొగ్గు కూడా అక్కడికే. రేపు దించాలి." అతను రాయి చేతిలో పట్టుకుని ఆగాడు. "మరి కొలిమిలో పోయినవాడిని కొలిమి వాళ్లే మోసుకొచ్చి పాతుతారే. నువ్వొక్కదానివే ఎందుకున్నావమ్మా?"

అబద్ధం మళ్లీ చెప్పడానికి నాకు ఓపిక లేదు. నిజం చెప్పినా అతను నమ్మేవాడు కాదు. "మైల అన్నారు" అన్నాను.

అతను రాయి నేల మీద పెట్టాడు. చేతులు మంచులో రుద్ది కడుక్కున్నాడు, మోచేతులదాకా. బుట్ట భుజానికెత్తుకున్నాడు. నా వైపు చూడకుండా, నాలుగడుగులు వెనక్కి నడిచి, ఆ తర్వాత తిరిగాడు.

"పార!" అని పిలిచాను.

"ఉంచుకోమ్మా" అన్నాడు వెళ్తూనే. "నువ్వు పట్టుకున్నావు కదా. ఇక నాకు పనికిరాదు."

గొయ్యి ఇంకా మోకాలి లోతే ఉంది. ఆ పారతోనే మిగతాది తవ్వాను.